టక్, కిర్రు, దబ్: గ్రాండ్ పియానోలో పాటకు అడ్డొచ్చే చప్పుళ్ళు

పియానో మీద నెమ్మదిగా ఒక బాణీ సాగుతూ ఉంటుంది. ఏదో ఒక స్వరం దగ్గర మాత్రం నాదంతోపాటు సన్నగా ‘టక్’మని వినిపిస్తుంది. ఒక్కసారి చెవిన పడిందా, ఇక ఆ స్వరం వచ్చినప్పుడల్లా చెవి దానికోసమే కాచుకుని కూర్చుంటుంది. ట్యూనర్‌ను పిలిపిస్తే శ్రుతి చక్కగా కుదురుతుంది, టక్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. లోపం తీగల్లో ఉంటే శ్రుతితోపాటే పోయేది. అది వేలికీ తీగకూ మధ్యనున్న యంత్రంలో ఉంది.

వీణ వాయించేవారి వేలు తీగనే తాకుతుంది. పియానో వాయించేవారి వేలు తీగ దాకా ఎన్నడూ వెళ్ళదు. వేలు నొక్కేది మెట్టును, తీగను కొట్టేది సుత్తి. ఆ రెండింటి మధ్యా చెక్క, లోహం, తోలు, ఉన్ని కలిపి కట్టిన మీటల వరుస ఉంది. దాన్నే ‘యాక్షన్’ అంటారు. 88 మెట్లకూ 88 సెట్లు. తమ గ్రాండ్ పియానోలో మొత్తం 12 వేలకు పైగా విడిభాగాలుంటాయని స్టైన్‌వే కంపెనీ చెబుతుంది. అందులో పెద్ద వాటా యాక్షన్‌దే. ఇన్ని ముక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఆనుకుంటూ, వదులుకుంటూ చప్పుడు చేయకుండా ఉండటమే అసలు వింత. ఆ వింతకు కారణం ఉన్ని. చెక్క చెక్కను తాకబోయే ప్రతి చోటా మధ్యలో ఒక ఉన్నిబట్టో, ఫెల్ట్ (అదిమి దట్టం చేసిన ఉన్ని) ముక్కో, తోలు ముక్కో ఉంటుంది. చప్పుడు మొదలైందంటే ఎక్కడో ఉన్ని నలిగి గట్టిపడి ఉండాలి, లేదా బిగువుగా ఉండాల్సినది వదులై ఉండాలి, లేదా అక్కడ ఉండకూడని వస్తువేదో వచ్చి చేరి ఉండాలి. చప్పుడును కప్పిపెట్టే ఉపాయాలు వెతకడం కన్నా ఈ మూడింటిలో ఏదో, ఎక్కడో పట్టుకోవడానికి ఓపిక పట్టడమే మేలు. పట్టుకున్నాక మరమ్మతు చాలాసార్లు చిన్నదే.

ముందు ఒక మెట్టు ప్రయాణం చూద్దాం. వేలు నొక్కగానే మెట్టు ముందు కొస దాదాపు 10 మిల్లీమీటర్లు దిగుతుంది. మెట్టు మధ్యలో ఉన్న పిన్ను ఆధారంగా త్రాసుకోలలా ఊగి, వెనక భాగం పైకి లేస్తుంది. అక్కడున్న క్యాప్‌స్టన్ అనే ఇత్తడి గుబ్బ పైనున్న విప్పెన్ అనే మీటను ఎత్తుతుంది. విప్పెన్ మీద నిలబడ్డ జాక్ అనే చిన్న ముక్క, సుత్తి కాడ అడుగున తోలు చుట్టి ఉన్న రోలర్‌ను పైకి తోస్తుంది. సుత్తి తీగకు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల దూరంలోకి వచ్చేసరికి జాక్ పక్కకు తప్పుకుంటుంది. ఆ చివరి కాస్త దూరమూ సుత్తి విసిరిన రాయిలా తనంతట తానే వెళ్ళి తీగను కొట్టి వెనక్కి పడుతుంది. పడేటప్పుడు మెట్టు చివర నిలబెట్టిన బ్యాక్‌చెక్ అనే తోలు దిమ్మ దాని తోకను ఒడిసిపడుతుంది. ఈలోగా అదే మెట్టు వెనక కొస, తీగ మీద కూర్చుని దాని మోతను ఆపే డ్యాంపర్ అనే ఫెల్ట్ దిమ్మను తీగ మీద నుంచి లేపేసి ఉంటుంది. వేలు తీస్తే ఇదంతా తిరుగుదారి పడుతుంది. రెప్పపాటులో జరిగే ఈ పనిలో తాకుళ్ళు డజనుకు తక్కువ ఉండవు.

ఫ్లోరెన్స్‌లో బార్తొలొమెయో క్రిస్తొఫొరి 1700 ప్రాంతంలో తొలి పియానో చేసినప్పుడు సుత్తి మొనకు తోలు తొడిగాడు. 1821లో పేటెంట్ పొందిన సెబాస్టియన్ ఎరార్ యంత్రం వల్ల మెట్టు పూర్తిగా పైకి రాకముందే మళ్ళీ కొట్టడం వీలైంది. నేటి గ్రాండ్ పియానో యాక్షన్‌కు మూలం అదే. వాయించే వేగం పెరిగింది, దాంతోపాటు కదిలే ముక్కలూ తాకే చోట్లూ పెరిగాయి. 1826లో పారిస్‌లో జాన్ హెన్రీ పాప్ సుత్తులకు తోలు బదులు ఫెల్ట్ వాడటం మొదలుపెట్టాడు. యంత్రం చిక్కబడిన కొద్దీ దాని నోరు మూయించే బాధ్యత ఉన్ని మీద మరింతగా పడుతూ వచ్చింది.

అన్ని చప్పుళ్ళూ జబ్బులు కావన్న సంగతి కూడా మొదటే తెలుసుకోవాలి. వేలు ఎత్తు నుంచి పడి మెట్టును తాకితే, సుత్తి తీగను చేరకముందే గోరు చప్పుడులాంటి చిన్న శబ్దం పుడుతుంది. మెట్టు అడుగును తాకినప్పుడు మరొకటి వస్తుంది. మెల్లగా వాయిస్తే ఇది సుత్తి దెబ్బ తర్వాత, బాగా గట్టిగా వాయిస్తే దానికి కాస్త ముందే వస్తుంది. వియన్నాకు చెందిన వెర్నర్ గోబ్ల్ తన సహ పరిశోధకులతో కలిసి చేసిన ప్రయోగాల్లో ఆసక్తికరమైన విషయం తేలింది. ఒకే బలంతో మోగిన రెండు స్వరాల్లో ఏది నొక్కి వాయించింది, ఏది కొట్టి వాయించింది అని కొందరు సంగీతకారులు చెప్పగలిగారు. కానీ వారికి ఆనవాలు ఇచ్చింది స్వరానికి ముందు వచ్చే ఆ వేలి చప్పుడే. దాన్ని తీసేసి వినిపిస్తే ఇక తేడా పట్టుకోలేకపోయారు. అంటే వాయించేవారి ‘టచ్’ అని మనం మెచ్చుకునే దాంట్లో యంత్రం చప్పుడుకూ వాటా ఉంది. పియానోను పూర్తిగా మూగదాన్ని చేయాలనుకోవడం అందుకే పొరపాటు. చికిత్స కావలసింది పక్క స్వరాల్లో లేకుండా ఒక్కచోటే వినిపించే చప్పుడుకు, నిన్న లేకుండా ఇవాళ మొదలైన చప్పుడుకు.

చెవి పట్టుకున్న ఆనవాలు

వైద్యుడి దగ్గరకు వెళ్ళి ‘నొప్పి’ అంటే సరిపోదు. సలుపా, పోటా, మంటా అని అడుగుతారు. పియానో విషయంలో తెలుగులో ఉన్న ధ్వన్యనుకరణ పదాలు అచ్చంగా ఆ పని చేస్తాయి. పొడిగా, కొసగా ‘టక్’ అంటే గట్టి వస్తువు గట్టి వస్తువును తాకుతోంది. వదులైన స్క్రూ, మెట్టులో బరువుకు దిగ్గొట్టిన సీసం బిళ్ళ, ఊడబోతున్న సుత్తి తల లాంటివి. బరువుగా ‘దబ్’ అంటే మెట్టు అడుగుభాగమో, మెట్లన్నీ కూర్చున్న ఫ్రేమో నేరుగా చెక్కను గుద్దుతోంది. ‘కిర్రు’ అంటే రాపిడి. అది ఎక్కువగా పెడళ్ళ దగ్గర. ‘జుయ్’మని స్వరంతోపాటే సాగితే అది చాలావరకు యాక్షన్ తప్పు కాదు, ఆ స్వరానికి ఏదో వస్తువు అదురుతోంది. ‘గలగల’ అంటే మెట్లు పక్కలకు ఊగుతున్నాయి. వాటి పిన్నుల చుట్టూ ఉన్న బుషింగ్ బట్ట అరిగింది. టెక్నీషియన్‌కు ఫోన్ చేసి ‘ఏదో సౌండ్ వస్తోంది’ అనే బదులు ఈ మాటల్లో ఒకటి సరిగ్గా ఎంచి చెబితే, ఏ పనిముట్లతో రావాలో ఆయనకు బయలుదేరకముందే తెలుస్తుంది.

చప్పుడు ఎప్పుడు వస్తోందన్నది రెండో ఆనవాలు. మెట్టు దిగేటప్పుడా, అడుగు తాకినప్పుడా, వేలు తీశాకనా? వేలు తీశాక వచ్చే చప్పుడైతే మెట్టు వెనక పడుకునే పట్టీ బట్టనో, సుత్తి కాడ వాలే చోటునో, డ్యాంపర్‌నో అనుమానించాలి. దిగేటప్పుడు సగం దారిలో వస్తే డ్యాంపర్ మీట లేచే చోటు చూడాలి, ఎందుకంటే మెట్టు దాన్ని అందుకునేది సుమారు అక్కడే.

నాదం చప్పుడును కప్పేస్తుంది కాబట్టి టెక్నీషియన్లు తీగలనే మూగచేసి వింటారు. తీగల మధ్య ఫెల్ట్ పట్టీ దోపి, లేదా పక్కన ఇంకొకరిని నిలబెట్టి అరచేత్తో తీగలను అదిమిపట్టించి, మెట్లను ఒక్కొక్కటే నొక్కుతారు. అప్పుడు వినబడేది యంత్రమొక్కటే. ఇక్కడ పియానో నిర్మాణమే సాయానికి వస్తుంది. 88 యాక్షన్లూ దాదాపు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. జబ్బుపడ్డ మెట్టుకు ఇటూ అటూ ఉన్న ఆరోగ్యమైన మెట్లే కొలమానం. అయినా తేలకపోతే చప్పుడు చేసే స్వరం విప్పెన్‌నూ, దాని పక్క స్వరం విప్పెన్‌నూ స్క్రూలు విప్పి ఒకదాని చోట ఒకటి బిగిస్తారు. చప్పుడు విప్పెన్‌తోపాటే పక్క స్వరానికి వెళ్ళిపోతే తప్పు విప్పెన్‌దే. పాత చోటే ఉండిపోతే అది మెట్టులోనో, సుత్తిలోనో, డ్యాంపర్‌లోనో ఉంది. విలువైన భాగాలు అనవసరంగా మార్చకుండా కాపాడే పరీక్ష ఇది. దీనికి పట్టేది పది నిమిషాలు.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సింది ఇంకొకటుంది. పియానో మీద ఉన్నవన్నీ తీసి కింద పెట్టాలి. ఫొటో ఫ్రేములు, పూలకుండీ, మెట్రోనోమ్, రిమోట్. ‘జుయ్’మనే చప్పుళ్ళలో చాలా భాగం అక్కడే పోతాయి. మూత కీలు లోపలి పిన్ను, పుస్తకాలు ఆనించే పలక, మూతను నిలబెట్టే కర్ర, గోడకున్న అద్దాల అల్మారా, చివరకు కిటికీ అద్దం కూడా ఒక ప్రత్యేక స్వరానికి అదురుతుంటాయి. ఒకరు ఆ స్వరాన్ని అదేపనిగా వాయిస్తుంటే రెండోవారు ఒక్కో వస్తువునూ చేత్తో పట్టుకుని చూడాలి. ఏది పట్టుకున్నప్పుడు చప్పుడు ఆగిందో దొంగ అదే. తీగల కింద నాదాన్ని పెంచే సౌండ్‌బోర్డ్ అనే చెక్క పలక మీదికి జారిన పిన్నీసు, హెయిర్‌పిన్, రూపాయి నాణెం కూడా ఇలాగే అల్లరి చేస్తాయి. మెట్ల సందుల్లోంచి పడ్డ పెన్సిల్ అయితే ఏకంగా రెండు మూడు మెట్లను సగంలోనే ఆపేస్తుంది.

మెట్ల కింద దబ్

వస్తువులన్నీ తీసేశాక కూడా మిగిలే చప్పుళ్ళలో అందరికన్నా మోసకారిది ‘దబ్’. ఎందుకంటే అది ఒక్క స్వరానిది కాదు. పియానో మొత్తం ముసలిదైపోయినట్టు, ఖాళీ పెట్టె మీద కొట్టినట్టు వినిపిస్తుంది. చాలామంది దీన్ని పియానో స్వభావం అనుకుని ఏళ్ళ తరబడి సర్దుకుపోతారు.

గ్రాండ్ పియానోలో 88 మెట్లూ ఒక చెక్క ఫ్రేమ్ మీద కూర్చుంటాయి. ఆ ఫ్రేమ్ కింద కీబెడ్ అనే దళసరి బల్ల ఉంటుంది. ఫ్రేమ్‌ను బల్లకు స్క్రూలతో బిగించరు. ఎడమ పెడల్ నొక్కితే ఫ్రేమ్ మొత్తం కుడివైపుకు కాస్త జరగాలి, అప్పుడే సుత్తి, ఎక్కువ స్వరాలకు ఒక్కోదానికి ఉండే మూడు తీగల బదులు రెండింటిని కొడుతుంది. అంటే ఇంత బరువైన ఫ్రేమ్ బల్ల మీద ఊరికే ఆని ఉండాలి, ఎక్కడా సందు లేకుండా ఆని ఉండాలి. ముందు పట్టీ, వెనక పట్టీ బల్లను తాకుతాయి. మధ్యలో కొన్ని లోహపు స్టడ్‌లు ఆనిక ఇస్తాయి. చెక్క వంగినా, స్టడ్ ఒకటి ఎక్కువ తిరిగినా ఎక్కడో కాగితమంత సందు పుడుతుంది. వేలు గట్టిగా పడ్డప్పుడల్లా ఫ్రేమ్ ఆ సందులోంచి దిగి బల్లను గుద్దుతుంది.

పరీక్ష తేలిక. మెట్ల ముందున్న సన్నని చెక్కపట్టీని తీసేస్తే ఫ్రేమ్ ముందు అంచు కనిపిస్తుంది. దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలి కణుపులతో, తలుపు తట్టినట్టు తట్టుకుంటూ పోవాలి. ఆనిన చోట ఒకటే మందపు చప్పుడు వస్తుంది. సందున్న చోట తట్టిన చప్పుడు వెనకే ఇంకొకటి ‘టప్’మని తోక పడుతుంది. అనుమానం తీరకపోతే సన్నని కాగితం ముక్క అంచు కిందికి దోపి లాగి చూడాలి. పట్టుకుంటే సరే, సుళువుగా జారి వచ్చేస్తే అక్కడే తప్పుంది. ఎడమ పెడల్ నొక్కిపెట్టి, ఫ్రేమ్ జరిగిన స్థితిలో ఇదే మళ్ళీ చేయాలి. మామూలు స్థితిలో నిశ్శబ్దంగా ఉన్న ఫ్రేమ్ జరిగాక మోగడం మామూలే.

సరిచేయడంలో వరుస ముఖ్యం. ముందు స్టడ్‌లన్నీ పైకి తిప్పి బల్లకు తగలకుండా చేయాలి. అప్పుడు ముందు, వెనక పట్టీలు బల్లను పూర్తిగా ఆనుతున్నాయా అని చూసి, ఎత్తుగా ఉన్న చోట్లను గరుకు కాగితంతో కొద్దికొద్దిగా అరగదీయాలి. అవి కుదిరాకే స్టడ్‌లను ఒక్కొక్కటి దించుతూ, బల్లను తాకీ తాకగానే ఆపాలి. పావు చుట్టు ఎక్కువైనా ఫ్రేమ్ ముందు అంచు లేచిపోతుంది, మొదటి చప్పుడు పోయి కొత్త చప్పుడు పుడుతుంది. ఫ్రేమ్ కింద అట్టముక్కలు దోపి దాన్ని ‘సెట్ చేశాం’ అనిపించుకునే పద్ధతి మాత్రం మంచిది కాదు. ఆ అట్ట ఎడమ పెడల్ నొక్కినప్పుడల్లా చిరిగి, మడతలుపడి, ఫ్రేమ్‌ను ఏ రెండు రోజులూ ఒకేచోట నిలవనివ్వదు. యాక్షన్‌ను బయటికి లాగేటప్పుడు ఒక్క మెట్టు మీద కూడా చెయ్యి పడకూడదన్నది ఇక్కడే గుర్తుంచుకోవాల్సిన హెచ్చరిక. మెట్టు నొక్కుడుపడితే సుత్తి లేచి నిలుస్తుంది, పైనున్న దిమ్మకు తగిలి కాడ విరుగుతుంది.

‘దబ్’కు రెండో కారణం మెట్టు ముందు కొస కింద ఉండే గుండ్రటి ఫెల్ట్ బిళ్ళ. మెట్టు దిగి వాలేది దాని మీదే. ఏళ్ళ తరబడి దెబ్బలు తిని అది అట్టలా గట్టిపడుతుంది. మధ్య స్థాయి మెట్ల కింద ముందుగా, అటూ ఇటూ చివర్ల ఆలస్యంగా. దాని కింద మెట్టు లోతు సరిచేయడానికి సన్నని కాగితపు బిళ్ళలు వేస్తారు. అవి ఎప్పుడూ ఫెల్ట్ కిందే ఉండాలి. శుభ్రం చేసే తొందరలో ఒక్క కాగితం ఫెల్ట్ పైకి వచ్చినా మెట్టు ‘టప్’మంటుంది.

చిన్న ‘టక్’, పెద్ద వెతుకులాట

టక్ విషయంలో మొదటి పనిముట్టు స్క్రూడ్రైవర్. సుత్తిని పట్టే స్క్రూ ఒకటి, విప్పెన్‌ను పట్టే స్క్రూ ఒకటి చొప్పున 176. డ్యాంపర్ మీటలవి వేరు. పొడి రోజుల్లో చెక్క ఎండి కుంచించుకుంటే ఇవి వదులవుతాయి. ఏ టక్ కోసం ఏ భాగం మార్చబోయినా ముందు ఇవన్నీ చేతి పట్టుతో, చెక్క మరలు తెగకుండా బిగించి చూడాలి. సగం వెతుకులాట ఇక్కడే ముగుస్తుంది. బిగించాక కొన్ని సుత్తులు పక్కకు ఒరగవచ్చు, వాటిని తిరిగి తీగల కింద నిలపడం కూడా ఆ పనిలో భాగమే.

తర్వాత అనుమానించాల్సింది సీసం. మెట్టు బరువును సరితూచడానికి చెక్కలో గుండ్రటి రంధ్రాలు తొలిచి సీసం బిళ్ళలు దిగ్గొడతారు. చెక్క ఎండితే బిళ్ళ తన గుంటలో ఊగుతుంది. మెట్టును బయటికి తీసి చెవి దగ్గర ఆడిస్తే ఆ ఊగు వినిపిస్తుంది. గట్టి ఆధారం మీద పెట్టి బిళ్ళను కొద్దిగా నలగ్గొట్టి వెడల్పు చేస్తే, లేదా పల్చటి సూపర్ గ్లూ ఒక్క చుక్క అంచున వేస్తే సరిపోతుంది. సుత్తి తల కాడకు అతికిన జిగురు విడిపోయినా ఇలాంటి టక్కే వస్తుంది. తలను వేళ్ళతో పట్టి మెలితిప్పి చూస్తే తెలుస్తుంది.

ఇక మిగిలేది అసలు చిక్కు, సెంటర్ పిన్. సుత్తి, విప్పెన్, జాక్ అన్నీ తిరిగేది సుమారు 1.3 మిల్లీమీటర్ల మందమున్న సన్నని లోహపు పిన్నుల మీద. పిన్ను చుట్టూ ఎర్రటి ఉన్నిబట్టతో చేసిన బుషింగ్ ఉంటుంది. బట్ట అరిగితే సుత్తి పక్కలకు ఊగి టక్‌మంటుంది. అప్పుడు అర సైజు పెద్ద పిన్ను వేయాలి, లేదా బట్ట మార్చాలి. ఈ చిన్న బట్ట ముక్క విలువ ఎంతో తెలియాలంటే స్టైన్‌వే న్యూయార్క్ కర్మాగారం అనుభవం చూడాలి. 1962లో వారు ఉన్ని బట్ట బదులు టెఫ్లాన్ బుషింగ్‌లు వాడటం మొదలుపెట్టారు. ఆలోచన మంచిదే: టెఫ్లాన్ అరగదు, చెమ్మ పీల్చదు, నునుపు ఎక్కువ. కానీ టెఫ్లాన్ చుట్టూ ఉన్నది చెక్క. రుతువులతోపాటు చెక్క ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది, టెఫ్లాన్ మాత్రం తన కొలతలోనే నిలబడి ఉంటుంది. ఒక కాలంలో బిగిసిపోయి, మరో కాలంలో తన గుంటలోనే వదులై టక్‌టక్‌మనడం మొదలైంది. కొత్త పియానోలు చప్పుడు చేస్తున్నాయన్న ఫిర్యాదులతో రెండు దశాబ్దాలు గడిచాక, 1980ల మొదట్లో కంపెనీ మళ్ళీ ఉన్ని బట్టకే వచ్చింది. అదే కంపెనీ హాంబర్గ్ కర్మాగారం ఈ మార్పు జోలికే పోలేదు. మెత్తటి బట్ట చెక్కతోపాటు కాస్త నలుగుతుంది, కాస్త విప్పారుతుంది. చప్పుడు లేకుండా ఉండటానికి కావలసింది ఆ సర్దుబాటు గుణమే. అరగని పదార్థం కన్నా అది ముఖ్యమైందని ఆ ఇరవై ఏళ్ళూ రుజువు చేశాయి.

అన్ని టక్‌లూ వదులు వల్లే రావు. కొన్ని అమరిక వల్ల వస్తాయి. సుత్తి తీగకు మరీ దగ్గర దాకా వెళ్ళాక జాక్ వదిలితే, లేదా విప్పెన్ మీది స్ప్రింగ్ మరీ బలంగా ఉంటే, సుత్తి ఒకసారి కొట్టి ఊరుకోక రెండోసారి కూడా తీగను ముట్టుకుంటుంది. కెనడా పియానిస్ట్ గ్లెన్ గౌల్డ్ తన స్టైన్‌వేను వేలు తాకీ తాకగానే పలికేలా యాక్షన్ సవరింపజేసుకున్నారు. 1964లో వచ్చిన ఆయన రికార్డులో, బాఖ్ రాసిన ‘ఇన్వెన్షన్లు’ అనే చిన్న రచనల నెమ్మది భాగాల దగ్గర మధ్య స్థాయి స్వరాలకు ఎక్కిళ్ళు పట్టినట్టు వినిపించేది అందువల్లే. ఆయన దాన్ని దాచలేదు, రికార్డు అట్ట మీది పరిచయంలో తానే చెప్పారు. తనకు కావలసిన స్పర్శ కోసం ఆ ఎక్కిలిని భరించడానికి ఆయన సిద్ధపడ్డారు. సొంత పియానో విషయంలో ఎవరి బేరం వారిది.

కిర్రు, నూనె సీసా

పెడల్ కిర్రుమంటే పియానో కింద వెల్లకిలా పడుకుని, టార్చ్ వేసుకుని చూడటమే మార్గం. పైన ఒకరు పెడల్‌ను నెమ్మదిగా నొక్కుతుంటే కింద ఉన్నవారు ఒక్కో కీలు మీదా వేలు ఆనించి ఉంచాలి. రాపిడి ఉన్న చోట చెవి కన్నా ముందే వేలికి సన్నని వణుకు తెలుస్తుంది. పెడల్ పిన్ను, పెడల్ నుంచి పైకి వెళ్ళే కడ్డీ కొసన ఉండే తోలు బిళ్ళ, కింద మీటలను వెనక్కి నెట్టే పలక స్ప్రింగ్ చెక్కను రాసుకునే చోటు, పెడళ్ళ స్తంభాన్ని వెనక నుంచి పట్టిన ఏటవాలు కడ్డీలు, ఈ నాలుగింటినీ వరుసగా చూడాలి. కొన్నిసార్లు కిర్రు పియానోది కానే కాదు, స్టూలుది. గౌల్డ్ తండ్రి కాళ్ళు కోసి పొట్టిగా చేసిచ్చిన కుర్చీ కిర్రు ఆయన రికార్డుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇక్కడే ఇళ్ళల్లో ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. కుట్టుమిషన్ నూనె సీసా బయటికి వస్తుంది. తలుపు కీలుకు వేసే అలవాటు, కుట్టుమిషన్‌కు వేసే అలవాటు పియానో దగ్గరా చెయ్యి చూపిస్తుంది. ఒక్క చుక్క కూడా వేయకూడదు. నూనె ఉన్నిలోకి ఇంకి, అక్కణ్ణుంచి చెక్కలోకి పాకుతుంది. మొదటి వారం నిశ్శబ్దంగా ఉంటుంది. తర్వాత దుమ్ము అంటుకుని, బుషింగ్ ఉబ్బి, మెట్టు కదలడమే మానేస్తుంది. నూనె తాగిన చెక్కకు కొత్త జిగురూ పట్టదు. స్ప్రే డబ్బాలదీ ఇదే కథ. తోలుకూ చెక్కకూ పొడి గ్రాఫైటో, సన్నని టెఫ్లాన్ పొడో సరిపోతుంది. బుషింగ్‌గా ఓడిపోయిన టెఫ్లాన్ పొడి రూపంలో మాత్రం టెక్నీషియన్ల పెట్టెలో స్థిరంగా ఉండిపోయింది. లోహం లోహాన్ని రాసే పెడల్ పిన్ను దగ్గర మాత్రం చిటికెడు గ్రీజు రాయవచ్చు.

కుడి పెడల్ వదిలినప్పుడు డ్యాంపర్లన్నీ ఒక్కసారి తీగల మీద పడి ‘ధుమ్’మనడం సగం యంత్రానిది, సగం పాదానిది. పెడల్‌కూ డ్యాంపర్లకూ మధ్య ఖాళీ దూరం ఎక్కువైతే దాన్ని తగ్గించాలి, మీటల కింద ఫెల్ట్ గట్టిపడితే మార్చాలి. పాదాన్ని పెడల్ మీద నుంచి ఎగరనివ్వకుండా ఆనించే ఉంచడం నేర్చుకుంటే మిగతా సగమూ తగ్గుతుంది. నొక్కినప్పుడు మంద్ర తీగల మీద వచ్చే ‘హుస్’ మాత్రం డ్యాంపర్ ఫెల్ట్ బిరుసెక్కినందుకు గుర్తు.

చెమ్మ, చిమ్మెట

పియానోకు గాలిలో చెమ్మ 40 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉంటే మంచిది. హైదరాబాద్‌లో ఏప్రిల్ ఎండకు చెక్క ఎండి స్క్రూలు వదులవుతాయి, జులై వానలకు అదే చెక్క ఉబ్బి మెట్లు పట్టేస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరంలో ఏడాది పొడవునా చెమ్మే. అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో ఉన్న తెలుగు కుటుంబాలకు దీనికి తలకిందులు, చలికాలం హీటర్లు గదిని ఎండగట్టేస్తాయి. నిలకడగా ఎక్కువ ఉండటం కన్నా రోజుకు రెండుసార్లు మారడం ఎక్కువ హాని చేస్తుంది. పగలంతా కిటికీలు తెరిచి, రాత్రి రెండు గంటలు ఏసీ వేసే గదిలో పియానో పెట్టడం అందుకే తగదు. ఒక చిన్న స్క్రూ వదులు గురించి బాధపడేముందు గదిలో ఒక చెమ్మ కొలిచే మీటర్ పెట్టి నెల రోజులు రాసుకుంటే, చప్పుడు ఏ రోజుల్లో వస్తుందో దానంతట అదే తేలుతుంది.

ఉన్నికి ఇంకో శత్రువు చిమ్మెట పిల్లపురుగు. చలికోటును తినేది ఏదో, మెట్ల కింద ఫెల్ట్‌నూ అదే తింటుంది. చీకటి, కదలిక లేని చోటు దానికి ఇష్టం. పిల్లలు చదువులకు వెళ్ళిపోయాక మూతపడి ఉన్న పియానోలు దాని పాలబడతాయి. కలరా ఉండలు వేస్తే కొత్త పురుగు రాకపోవచ్చు, తినేసిన ఫెల్ట్ తిరిగి రాదు. మెట్లు తీసి కింద వాక్యూమ్‌తో శుభ్రం చేసి, తిన్న బిళ్ళలు మార్చి, ఆపైన పియానోను వాయిస్తూ ఉండటమే దారి.

గది సంగతి కూడా కొంత. గ్రానైటో టైల్సో పరిచిన నేల, ఖాళీ గోడలు ఉంటే చిన్న టక్ కూడా పెద్దదవుతుంది. పియానో కింద మందపాటి తివాచీ పరిస్తే యంత్రం చప్పుడు బాగా తగ్గినట్టు వినిపిస్తుంది. వాయించేవారి చెవి యాక్షన్‌కు మూరెడు దూరంలో ఉంటుంది కాబట్టి వారికి వినిపించినంత ఎదుటివారికి వినిపించదు. మూడు మీటర్ల దూరంలో ఇంకొకరిని కూర్చోబెట్టి అడిగాకే మరమ్మతు ఖర్చు గురించి ఆలోచించడం మంచిది. మైకును తీగల దగ్గర పెట్టి రికార్డు చేసేవారికి మాత్రం ఈ వెసులుబాటు లేదు. అయితే జర్మన్ సంగీతకారుడు నిల్స్ ఫ్రామ్ 2011లో సుత్తులకూ తీగలకూ మధ్య ఫెల్ట్ వేలాడదీసి, మైకులను దగ్గరగా పెట్టి చేసిన ఆల్బమ్ తర్వాత, మెట్ల గుసగుసలను కావాలనే వినిపించే ధోరణి ఒకటి పెరిగింది. పియానోటెక్ లాంటి సాఫ్ట్‌వేర్‌లు మెట్టు వదిలిన చప్పుడును, పెడల్ చప్పుడును పెంచి తగ్గించే మీటలే ఇస్తున్నాయి.

అన్నీ సరిచేశాక కూడా పైస్థాయి చివరి పది పన్నెండు మెట్ల దగ్గర ‘దబ్’ మిగిలే ఉంటుంది. అక్కడ తీగ పొడవు వేలెడు కూడా ఉండదు. ఆఖరి మెట్టు సెకనుకు 4186 సార్లు కంపించే స్వరం. పలికీ పలకగానే ఆరిపోతుంది. మంద్రంలో, మధ్యలో నాదం చెక్క చప్పుడును కప్పుతుంది, ఇక్కడ కప్పడానికి నాదం చాలదు. తీగలను ఫెల్ట్‌తో మూగచేసి ఆ చివరి మెట్టునూ, మధ్య మెట్టునూ ఒకే బలంతో ఒకదాని తర్వాత ఒకటి నొక్కితే రెండు దబ్‌లూ దాదాపు ఒకేలా వినిపిస్తాయి.